అరిట్టాపట్టి కొండ నేర్పు పాఠము

చరిత్ర యనగా రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు అని మన బాలబాలికలు తలంచుట కద్దు. చరిత్ర ఊరి చెంత రాతిమీదను ఉండునని, దానిని కాపాడువారు సామాన్యులేయని తెలుపుటకై ఈ వృత్తాంతమును తల్లిదండ్రుల యెదుట ఉంచుచున్నాము.

మధురకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున, మేలూరు తాలూకాలో అరిట్టాపట్టి గ్రామము గలదు. అచ్చటి కొండలలో క్రీస్తుపూర్వపు తమిళబ్రాహ్మీ శాసనము, జైనమునుల రాతిపడకలు, తీర్థంకరుని శిల్పము, పాండ్యుల కాలమున కొండను తొలిచి చేసిన శివాలయము ఉన్నవి. ఆ గుట్టలపై కురిసిన వాననీరే ఊటలను, చెరువులను నింపును. 2022 నవంబరులో తమిళనాడు ప్రభుత్వము ఇచ్చట 193 హెక్టార్లను జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించెను.

అయినను ఆ స్థలమును కూడ చేర్చి, 2,000 హెక్టార్లకు మించిన నేలలో టంగ్‌స్టన్ గనికై వేలము ముగిసినట్లు 2024 నవంబరులో కేంద్ర గనుల శాఖ ప్రకటించెను. గ్రామస్థులు వెంటనే మేల్కొనిరి. గ్రామసభలో తీర్మానము చేసిరి. డిసెంబరు 9న రాష్ట్ర శాసనసభయు గనిని వ్యతిరేకించుచు తీర్మానించెను. 2025 జనవరి 7న మేలూరు ప్రాంతపు రైతులు వేలసంఖ్యలో మధురకు కదలివచ్చిరి. జనవరి 23న కేంద్రప్రభుత్వము వేలమును రద్దుచేసెను.

గట్టి పనిముట్లకు ఆ లోహము అవసరమే. పరిశ్రమలు వలదని మేము చెప్పుట లేదు. కాని లోహమును మరియొకచోట వెదకవచ్చును. పగిలిన శాసనమును మరల చెక్కజాలము. రాతిని పెకలించి ప్రదర్శనశాలకు చేర్చినను, మునులు వసించిన గుహయు, వారికి నీరిచ్చిన ఊటయు వెంట రావు గదా!

ఆ రైతులలో ప్రాచీనలిపి చదువగలవారు అరుదు. అయినను కొండ తమదని వారెరుగుదురు. ఆ యెరుకయే కొండను నిలిపినది.

ఇంట మనము తెలుగు పలుకుదుము. తలముల నుండి ఈ నేల నీరు త్రాగుచున్నాము. కావున ఈ నేల చరిత్రయు మన బిడ్డలదే. సెలవుదినమున వారిని సమీపమునందలి పాతగుడికో, శాసనమున్న రాతికో తీసికొనిపొండు. అక్షరములపై సున్నము, నూనె పూయరాదనియు, పేర్లు చెక్కరాదనియు బోధింపుడు. ఎరిగిన వస్తువునే మనుష్యుడు కాపాడుకొనును.