వెనుక స్ప్రింగు మార్చడంలో ఉన్న లెక్క



ఉపకార వేతనం కోసం వచ్చే దరఖాస్తుల్లో ఆటోమొబైల్ డిప్లొమా, ఐ.టి.ఐ. మోటారు మెకానిక్ కోర్సు కోరేవారు కూడా ఉంటారు. "వాడు చదువు వదిలి స్పానర్ పట్టుకుంటానంటున్నాడండీ" అని తల్లిదండ్రులు దిగులుపడటం నాకు తెలుసు. స్పానర్ వెనుక ఎంత చదువు ఉందో చూపడానికే ఈ పాఠం.

కోయంబత్తూరు మనవాళ్ళకు మోటారు పని కొత్త కాదు. జి.డి. నాయుడు గారి ఊరు ఇది. ఫార్ములా మారుతి కారును రూపొందించిన కరివర్ధన్ గారి పేరుతోనే చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా ఈ ఊరివారే.

నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. మా తమ్ముడి కొడుకు తన వర్క్‌షాపులో ఒక పోలో జీటీ టీఎస్ఐ కారుకు వెనుక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మారుస్తూ ఉంటే పక్కన కుర్చీ వేసుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 పీఎస్ శక్తి గల కారు అది. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది. ఈ బండిని యజమాని ట్రాకు కోసమే ఉంచుకున్నాడు.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. స్ప్రింగు బరువు మోస్తుంది, షాక్ అబ్జార్బర్ ఊపును ఆపుతుంది. పోలోలో వెనుక రెండు చక్రాలనూ కలుపుతూ ఒక ఉక్కు దూలం ఉంటుంది. దానికీ బాడీకీ మధ్య స్ప్రింగు ఒక చోట, షాక్ మరో చోట విడివిడిగా బిగించి ఉంటాయి.

స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 మి.మీ. తీగను 11 మి.మీ. చేస్తే, మిగతావన్నీ అలాగే ఉన్నా, 100 ఉన్న గట్టిదనం 146.41 అవుతుంది. నాకు ఈ అంకె చూడగానే నవ్వొచ్చింది. నూరు రూపాయలు పది శాతం చక్రవడ్డీకి నాలుగేళ్ళు వేస్తే వచ్చేది ఇదే కదా! ఒక్క మిల్లీమీటరుకు నాలుగేళ్ళ వడ్డీ. చుట్ల సంఖ్య మాత్రం విలోమం. ఆరు చుట్లను ఐదు చేస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. డబ్బు ఆదా అని కొందరు స్ప్రింగును కోయించడం ఇందుకే. కోసిన కొన తన గద్దెలో సరిగా కూర్చోదు, చక్రం గోతిలోకి వేలాడినప్పుడు స్ప్రింగు చోటు తప్పవచ్చు. ఆ పని చేయించకండి.

ఇక ఊపు. ఒక చక్రం మీద 250 కిలోలు ఉన్నాయనీ, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లనీ అనుకుందాం. 20,000ను 250తో భాగిస్తే 80. దాని వర్గమూలం 8.94. దాన్ని 6.28తో భాగిస్తే సెకనుకు 1.42 ఊపులు. గట్టిదనం 30 చేస్తే 1.74. అంటే స్ప్రింగు 50 శాతం గట్టిపడితే ఊపు వేగం 22 శాతమే పెరుగుతుంది. అయినా పాత షాక్ ఆ ఊపును ఆపలేక బండి గెంతుతుంది. స్ప్రింగుకు తగిన షాక్‌ను జతగా కొనాలనేది అందుకే.

పనిలోకి వస్తే, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క అడ్డాలు పెట్టారు. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకే పడుతుంది, అవి గాలిలోకి లేస్తే దాని వల్ల ప్రయోజనం లేదు. జాకీతో లేపి, కంపెనీ చూపిన చోట స్టాండులు పెట్టారు. జాకీ లేపడానికే గాని నిలపడానికి కాదు. ఇటుకల మీద నిలిపిన బండి కిందికి మీ పిల్లవాడు దూరుతున్నాడంటే వెంటనే బయటికి పిలవండి. ఒక టన్ను దాటిన ఇనుము కిందికి జారితే రెండో అవకాశం ఉండదు.

చక్రం వేలాడకుండా ఆపేది షాకే కాబట్టి, దూలానికి కింద జాకీ ఆనించాకే దాని కింది బోల్టు విప్పాలి. తరువాత దూలాన్ని మెల్లగా దించితే స్ప్రింగు చేతికి వస్తుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు లాగుకుపోకుండా చూస్తూ ఉండాలి. ముందు చక్రాల స్ప్రింగులు అలా రావు. నొక్కి కట్టే పరికరం కావాలి, అది ఇంట్లో చేసే పని కాదు. కొత్త స్ప్రింగు కింది కొన రబ్బరు గద్దెలోని మెట్టుకు ఆనాలి.

కొత్త షాక్ బోల్టు ఎక్కించాక నేను "బిగించేయలేదేమిరా?" అని అడిగాను. "పెద్దనాయనా, ఇప్పుడు బిగించకూడదు" అన్నాడు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగాక బుష్‌లోని రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. దూలాన్ని బండి నిలిచే ఎత్తుకు లేపి, అప్పుడు టార్క్ రెంచితో, కంపెనీ పుస్తకంలోని అంకె ప్రకారం బిగించాడు. అంకె తరువాత ఇన్ని డిగ్రీలు తిప్పమని రాసిన బోల్టులు సాగిపోతాయి, వాటిని మళ్ళీ వాడరాదు.

చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తును ముందూ వెనుకా రెండు వైపులా కొలిచి రాశాడు. ఈ కారులో వెనుక చక్రాల కోణం మార్చే వీలు లేదు. అయినా అలైన్‌మెంటులో కొలవాలి, వంగిన దూలం అక్కడే బయటపడుతుంది. వెనుక కిందికి దిగితే హెడ్‌లైటు వెలుగు పైకి లేస్తుంది, అదీ సరిచేయాలి.

ముందు చక్రాలతో నడిచే కారుకు వెనుక గట్టిపరిస్తే మలుపులో చురుగ్గా తిరుగుతుంది. ఎక్కువ చేస్తే వాన రోజున మలుపులో కాలు పెడలు మీద నుంచి తీయగానే వెనుక భాగం జారిపోవచ్చు. ట్రాకు మీద జారితే మట్టి ఉంటుంది, పాలక్కాడు రోడ్డు మీద ఎదురుగా లారీ ఉంటుంది.

తల్లిదండ్రులు గమనించవలసింది ఇంకొకటి. రిజిస్ట్రేషనులోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తుంది. 2019 సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. తెలియజేయని మార్పు ఉంటే ఇన్సూరెన్సు క్లెయిముకూ చిక్కే. సరదా ఉన్న పిల్లలు కాలేజీ జట్టులో చేరి, విద్యార్థులు తయారు చేసిన కార్లకు పెట్టే ఫార్ములా భారత్ పోటీకి పనిచేయడం మేలు. అక్కడ తప్పు లెక్కను పట్టుకునే తనిఖీదారులు ఉంటారు.

ప్లస్ టూ విద్యార్థులకు ఒక లెక్క: తీగ 12 నుంచి 13 మి.మీ.కు పెరిగి, చుట్లు 8 నుంచి 7కు తగ్గితే ఊపు వేగం ఎన్ని రెట్లవుతుంది? సుమారు 1.25 రావాలి.