పద్దెనిమిదేళ్లు నిండాయని వేలిముద్ర వేయకండి

చిల్లకూరు, కోట, వాకాడు మండలాల నుంచి ఈ మధ్య నా దగ్గరికి వస్తున్న కేసులన్నీ ఒకే తీరు. రొయ్యల షెడ్డులో పనిచేసే బిడ్డకు ఏదో అవుతుంది. పరిహారం అడిగితే మేస్త్రీ ఒక కాగితం బయటికి తీస్తాడు. ‘నా బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాయి’ అని రాసి ఉంటుంది. కింద తల్లి వేలిముద్ర.

తాజా కేసు పదమూడేళ్ల పాపది. ఐసు నీళ్లలో నాని నాని, రొయ్య ముల్లు గుచ్చుకుని వేళ్లకు చీము పట్టింది. ‘బయటి దేశమోళ్లు చూడ్డానికొస్తారంట, ఏలిముద్ర ఎయ్యమంటే ఏసినా సామీ’ అంది తల్లి.

ఆ కాగితం అవసరం ఎందుకొచ్చింది? విదేశాల్లో అమ్మే రొయ్యల ప్యాకెట్ల మీద ఏఎస్‌సీ, బీఏపీ లాంటి ముద్రలుంటాయి. పిల్లల చేత పని చేయించకూడదన్నది వాటి నిబంధనల్లో ఒకటి. పద్ధతి మంచిదే. 1994లో కైలాస్ సత్యార్థి తివాచీలకు రగ్‌మార్క్ ముద్ర తెచ్చారు, ఇప్పుడది గుడ్‌వీవ్. చెప్పాపెట్టకుండా మగ్గాల దగ్గరికే వెళ్లి చూడటం వల్ల దానికి విలువ వచ్చింది. రొయ్యల షెడ్లకు మాత్రం తనిఖీదారులు తేదీ ముందే చెప్పి వస్తే ఆ రోజుకి పిల్లలు ఇళ్లలో ఉంటారు, ఫైలు మాత్రం బల్ల మీద ఉంటుంది. మన అధికారులదీ అదే వరస. ఊరి బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే నిజం పది నిమిషాల్లో తేలుతుంది. ఈ కేసుల్లో ఆ పాటి కష్టపడిన అధికారి ఒక్కరూ నాకు కనబడలేదు.

చట్టం బిడ్డ పక్షానే ఉంది. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఇలాంటి ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పెట్టుకున్నవాడికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా బిడ్డ పేరున నిధిలో పడుతుంది, దానికి ప్రభుత్వం మరో 15 వేలు కలపాలి. మీ వేలిముద్ర వీటన్నిటికీ అడ్డం పడుతుంది. తెలిసే పంపారన్న నింద కూడా మీ మెడకే చుట్టుకుంటుంది. మళ్లీ చెబుతున్నాను, అడ్వాన్సు ఆపుతామన్నా సరే, వయసు కాగితం మీద వేలిముద్ర వేయకండి. తెల్లకాగితం మీద అసలే వేయకండి.

ఆధార్ ఉందిగా అంటారు. పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, బడి సర్టిఫికెట్‌నే నమ్మింది. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం కూడా బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్టే ముందు. అది లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష.

కొనేవాళ్లకూ ఒక మాట. ముద్ర ఏ ప్లాంటుకు ఇచ్చారో ఆ ప్లాంటుకే వర్తిస్తుంది, బయటి షెడ్డుకు కాదు. మన దగ్గర అమ్మే ప్యాకెట్ మీద బాలకార్మికులు లేరని అబద్ధం అచ్చేస్తే అది 2019 వినియోగదారుల చట్టం కింద తప్పు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇప్పటికే వేలిముద్ర వేసేశారా? భయపడి ఇంట్లో కూర్చోకండి. ఇవాళే హెడ్మాస్టరు దగ్గర పుట్టినతేదీతో సర్టిఫికెట్ తీసుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మేస్త్రీ రాయించిన వయసు బడి రిజిస్టరు ముందు నిలవదు.