యంత్రశాలలో కూలెంటు ఖర్చు

హోసూరు, కోయంబత్తూరు, బెంగుళూరు పీణ్య ప్రాంతములలో లేతు, మిల్లింగు యంత్రములతో నడచు కర్మశాలలు పెక్కు గలవు. అట్టిచోట్ల పనిచేయు తల్లిదండ్రులకును, స్వయముగ చిన్న శాలలు నడుపుకొను తల్లిదండ్రులకును పనికివచ్చునను తలంపుతో, కోత టూలు మొనపై పాలవలె తెల్లగా ధారగట్టు కూలెంటును గూర్చి ఇచట వ్రాయుచున్నాము.

లోహమును కోయునపుడు పుట్టు వేడి టూలు పదునును చెఱచును. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారమున ఫ్రెడరిక్ టేలరు 1883లో కోతపై నీరు ధారాళముగ పోయించి చూడగా, కోతవేగమును ఇంచుమించు 40 శాతము పెంచవచ్చునని తేలినది. వట్టి నీటివలన ఇనుము తుప్పుపట్టును గావున, నేడు నీటిలో కలియు నూనెను సాధారణముగ 5 మొదలు 10 శాతము వఱకు చేర్చి వాడుదురు.

చిక్కంతయు ఆ శాతమును నిలుపుటలోనే యున్నది. ట్యాంకులోని నీరు ఆవిరియగును, నూనె నిలుచును; అందుచే ద్రవము చిక్కబడును. లోహపు తురుముతో కొంత ద్రవము బయటికి పోవును. మట్టము తగ్గెనని పనివాడు ఒకనాడు వట్టి నీరు పోయును, మఱునాడు కొలత లేక మగ్గుతో నూనె పోయును. పలుచనైనచో తుప్పు, టూలు అరుగుదల; చిక్కనైనచో నురుగు, చేతులకు దురద, నూనె దండుగ. యంత్రము కదలు భాగములకు వేయు నూనె కారి, ట్యాంకుపై తెట్టుగట్టి గాలిని అడ్డగించును. ఆదివారము యంత్రము ఆగియుండగా గాలి అక్కఱలేని సూక్ష్మజీవులు పెరుగును. సోమవారము ఉదయమున కుళ్లిన గ్రుడ్ల కంపు! అంతట ట్యాంకు మొత్తము తోడిపోసి, కడిగి, క్రొత్తది నింపవలసినదే. ఆ పూట యంత్రము ఆగిన నష్టము నూనె ధరకంటె పెద్దది కావచ్చును. ఐనను లెక్కపుస్తకమున అది ఎచ్చటను కనబడదు. పైవారికి కూలిపని చేసిపెట్టు చిన్న శాలల లాభము ఇట్లే హరించిపోవును.

ఒక లెక్క చూతము. 10 యంత్రములకు దినమునకు ఒక్కొక్కదానికి 20 లీటర్ల చొప్పున ద్రవము చేర్పవలసివచ్చుననుకొందము. తగ్గినది ముఖ్యముగ నీరే కావున, చేర్చు ద్రవములో 3 శాతము నూనె చాలుననుకొన్నచో 6 లీటర్లు పట్టును. చేతి అంచనాతో అది 5 శాతమైనచో 10 లీటర్లు. దినమునకు 4 లీటర్లు ఎక్కువ. 300 పనిదినములకు 1,200 లీటర్లు, అనగా 200 లీటర్ల పీపాలు ఆఱు. ఈ శాతముల లెక్కను ఇంట పిల్లలచేతనే చేయింపవచ్చును.

స్వయంచాలక పద్ధతిలో, నీటి గొట్టమునకు అమర్చిన మిశ్రమపు పంపు నిర్ణీత శాతమున నూనెను తానే కలుపును. ట్యాంకు మట్టమును కనిపెట్టు పరికరము, తగ్గినంత మేరకే ద్రవమును రప్పించును. తిరుగు పట్టీ ఒకటి పైనున్న తెట్టును ఎత్తివేయును. పెద్ద శాలలలో శాతమును, పి.హెచ్. అంకెను ఎడతెగక కొలుచు పరికరములును ఉండును. సాధారణముగ 9 ప్రాంతమున నుండు ఆ అంకె 8.5కు దిగువకు జాఱుట కుళ్లు ఆరంభమైనదనుటకు గుర్తు.

రెండు యంత్రముల శాలవారిని ఇదంతయు కొనుడని మేము చెప్పము. ముందు చేతిలో ఇముడు రిఫ్రాక్టోమీటరు కొనవలెను. దానిపై ఒక బొట్టు వేసి వెలుతురువైపు చూచినచో అంకె కనబడును. నూనె తయారీదారు తెలిపిన గుణకముతో దానిని హెచ్చించినచో శాతము వచ్చును. ప్రతి యంత్రమునకు దినదినము ఆ శాతమును, పోసిన నూనెను వ్రాసియుంచినచో, నెల గడచుసరికి వృథా ఎంతయో తేలును; పంపు ధర ఎన్ని నెలలలో తిరిగివచ్చునో అప్పుడు లెక్కింపవచ్చును. పది యంత్రములున్నచోట మొదట మిశ్రమపు పంపును, తెట్టు తీయు పట్టీని మాత్రమే కొనుట మేలని మా అభిప్రాయము. కొలుచు పరికరములు జిడ్డుపట్టి తప్పు చూపుటయు కలదు గావున, వారమున కొకమాఱైనను రిఫ్రాక్టోమీటరుతో సరిచూడవలెను. చేతితో కలుపువారు నీటిలో నూనె పోయవలెనే గాని నూనెలో నీరు పోయరాదు. పోసినచో రెండును సరిగా కలియక ముద్దగట్టును.