గర్భిణులకు రక్తపుపోటు: సకాలమున నివారణ

గర్భిణి కాళ్లు వాచినచో "నీరు పట్టినది, కాన్పుతో తగ్గిపోవును" అని పెద్దలు సమాధానపడుట మన గ్రామములలో వాడుక. పెక్కుమంది విషయమున అది నిజమే. కాని కొందరిలో వాపుతోపాటు రక్తపుపోటును పెరుగుచుండును. 20 వారములు దాటిన పిదప పోటు 140/90కి చేరి, మూత్రములో మాంసకృత్తులు కనిపించినచో, దానిని వైద్యులు ప్రీఎక్లాంప్సియా అందురు. అది ముదిరి మూర్ఛలు వచ్చుటనే గుర్రపువాతమని వ్యవహరింతురు. అప్పుడు తల్లీబిడ్డల ప్రాణములకే ముప్పు.

ఈ వ్యాధి తరువాతి నెలలలో బయటపడినను, దాని బీజము తొలి నెలలలోనే పడును. మావికి రక్తము నందించు నాళములు తగినంత విప్పారకపోవుట ముఖ్యకారణము. చిన్న మోతాదు ఆస్పిరిన్ రక్తములోని ప్లేట్‌లెట్లు గుమికూడుటను తగ్గించి, మావికి రక్తప్రసారము సాగుటకు తోడ్పడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో, ముప్పు ఎక్కువగానున్న గర్భిణులకు దినమునకు 75 మిల్లీగ్రాములు సిఫారసు చేసినది. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఆరు దేశములకు చెందిన 1,776 మందిని పరీక్షించిరి. 150 మిల్లీగ్రాములు వాడినవారిలో, 37 వారములు నిండకమునుపే ఈ వ్యాధి వచ్చినవారు నూటికి 1.6, వాడనివారిలో 4.3.

ఇది అందరికిని ఈయదగిన మందు కాదు. వెనుకటి కాన్పులో ఈ వ్యాధి వచ్చినవారు, ముందునుండియే రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు, కవలలను మోయుచున్నవారు వైద్యుని తప్పక సంప్రదింపవలెను. పెరిగిన పోటును ఆస్పిరిన్ తగ్గింపదు; దానికి వేరు మందులు కలవు. కడుపులో పుండు, రక్తస్రావము ఉన్నవారికి ఇది హాని చేయవచ్చును. కనుక అంగడిలో కొని మ్రింగరాదు.

12వ వారము మొదలు 16వ వారములోపున ప్రారంభించిననే దీని ఫలము మెండు. ఇచ్చటనే పంచాయతీ సభ్యుల బాధ్యత కలదు. నెల తప్పిన ప్రతి స్త్రీ పేరును మూడు మాసములలోపున నమోదగునట్లు ఆశా కార్యకర్తతో కలిసి చూడుడు. ఉపకేంద్రమున పోటు కొలుచు యంత్రము పనిచేయుచున్నదో లేదో గ్రామ ఆరోగ్య సంఘ సమావేశమున విచారింపుడు. నాలుగవ నెల మొదలు, ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో జరుగు ఉచిత పరీక్షలకు గర్భిణులను పంపుడు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, పొట్ట పైభాగమున నొప్పి కనిపించినచో జాగు సేయక 108కి కబురంపుడు.

మాత్ర వెల స్వల్పము. అదను దాటినచో కలుగు నష్టము తీరనిది.