వంత ఎక్కడుందో విను

క్విన్సీ, మసాచుసెట్స్

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

లోవెల్‌లో చలి ముదిరిందట, మీ నాయిన ఫోన్ చేసి ఒకటే కంగారు. చెవులు కప్పుకోకుండా బస్సు కోసం నిలబడకు.

మొన్న నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "పెద్దనాయనా, క్లాసువాళ్లు బ్యాండు పెట్టి నన్ను ఫిడేలు వాయించమన్నారు. వాళ్లిచ్చిన ఆల్బమ్ రెండుసార్లు విన్నాను. అంతా కేకలే. ఇందులో నేనెక్కడ వాయించాలి?" అన్నావు. ఆల్బమ్ పేరు వినగానే నాకు పట్టరాని సంతోషమైంది. డ్రాప్‌కిక్ మర్ఫీస్ బ్యాండు వాళ్ల 'సింగ్ లౌడ్, సింగ్ ప్రౌడ్'. 2001లో వచ్చింది, 16 పాటలు. అప్పటినుంచి నేను దాన్ని వదిలిపెట్టలేదు. హనుమకొండలో ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చిన నీ చేతుల్లోకి అది వచ్చిందంటే, నాకు తెలిసినదంతా రాసి పెట్టాలనిపించింది.

మొదటిసారి దాన్ని ఒక పెద్దమనిషి కారులో విన్నాను. మెషీన్ షాపులో నా పక్క లేతు మీద పనిచేసేవాడు. ఆయన తండ్రి ఇక్కడి ఫోర్ రివర్ షిప్‌యార్డులో వెల్డరు, ముత్తాతలు ఐర్లండు నుంచి ఓడలో వచ్చినవాళ్లు. నీకు వినిపించినట్టే నాకూ మొదట కేకలే వినిపించాయి. మూడో పాట వచ్చేసరికి ఆయన స్టీరింగు మీద అరచేత్తో దరువు వేస్తూ పాడటం మొదలుపెట్టాడు. ఆయనకు గొంతూ లేదు, శ్రుతీ కలవదు. అయినా పాట ఎక్కడా చెడలేదు, ఆయన్ను కలుపుకుని ముందుకు పోయింది. ఆ పాటలో ఆయన కోసం ముందే చోటు ఉంచారని నాకు అప్పుడు అర్థమైంది.

మన బుర్రకథ తలుచుకో. నడుమ తంబుర మీటుతూ కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. షేక్ నాజర్ అంతటివాడు కథ ఎత్తుకున్నా వంత అందుకోకపోతే కథ అడుగు కదలదు. ఈ ఆల్బమ్‌లో గాయకులు అల్ బార్, కెన్ కేసీ ఇద్దరూ కథకులైతే వంత ఎవరో తెలుసా? టికెట్టు కొనుక్కుని ముందు నిలబడ్డ జనం. పల్లవులన్నీ వాళ్ల కోసం కట్టినవే. స్వరాలు నాలుగైదు దాటవు, ఎక్కువ ఎత్తుకు పోవు, మాట మాట మీద దెబ్బ పడుతుంది. సంగీతం రానివాడు కూడా రెండోసారి పల్లవి వచ్చేసరికి అందుకోగలడు. అలా కట్టడం తేలిక అనుకోకు. ఈసారి విన్నప్పుడు గాయకుల మీద దృష్టి పెట్టకు, వంత ఎక్కడ లేస్తుందో అది విను. నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఈ వంత ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలిసి ఉండాలి. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులు పట్టింది. ఆ కరువులో దాదాపు 10 లక్షల మంది పోయారు, మరో 10 లక్షల మంది దేశం విడిచారు. 1847 ఒక్క ఏడాదిలోనే 30,000 మందికి పైగా బాస్టన్ రేవులో దిగారు. వాళ్ల చేతిలో డబ్బు లేదు, పాటలున్నాయి. రేవులో మూటలు మోస్తూ, సాయంత్రం సారా కొట్లో కూర్చుని పాడుకున్నారు. వాళ్ల పిల్లల పిల్లలకు వచ్చేసరికి ఆ పాటలు తాతల పాటలైపోయాయి. వాటిని పంక్ సంగీతంలోకి మొదట గట్టిగా లాగినవాళ్లు లండన్‌లో ఉన్న ఐరిష్ పిల్లలు. 1982లో షేన్ మెక్‌గోవన్ మరికొందరితో కలిసి ద పోగ్స్ బ్యాండు పెట్టాడు. 1996లో మన క్విన్సీలో, ఒక మంగలి షాపు కింది గదిలో, డ్రాప్‌కిక్ మర్ఫీస్ వాయించడం మొదలుపెట్టారు. 'సింగ్ లౌడ్' ఆల్బమ్‌లో 'గుడ్ రాట్స్' పాటకు ఆ మెక్‌గోవనే వచ్చి గొంతు కలిపాడు. పెద్దవాడు వచ్చి చిన్నవాళ్లకు వంత పాడటం! ఆ పాట విన్నప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

మూడో పాట అన్నాను కదా, దాని దగ్గర కాసేపు ఆగు. 'విచ్ సైడ్ ఆర్ యూ ఆన్'. నువ్వు ఎటువైపు అని అడగడమే ఆ పాట. 1931లో కెంటకీ రాష్ట్రం హార్లన్ కౌంటీలో బొగ్గు గని కార్మికులు సమ్మె చేశారు. సామ్ రీస్ అనే యూనియన్ మనిషిని పట్టుకోవడానికి షెరిఫ్ మనుషులు తుపాకులతో వాళ్ల ఇంటి మీద పడ్డారు. అతను ఇంట్లో లేడు. భార్య ఫ్లారెన్స్, పిల్లలు ఉన్నారు. ఇల్లంతా చిందరవందర చేసి పోయాక ఆమె గోడ మీది క్యాలెండరు కాగితం ఒకటి చింపి దాని మీద ఈ పాట రాసింది. రాగం కోసం వెతుక్కోలేదు, చిన్నప్పటినుంచి చెవిలో ఉన్న పాత మెట్టు ఒకటి తీసుకుంది. ఊళ్లో అందరికీ తెలిసిన మెట్టు కాబట్టి మాట వినగానే జనం పాడగలిగారు.

ఇది చదువుతుంటే నీకు మన ఊరు గుర్తుకు రావడం లేదూ? సూర్యాపేట దగ్గర మా చిన్నప్పుడు నాట్లు వేస్తూ మా అమ్మ, మేనత్తలు 'బండెనక బండి కట్టి' పాడేవారు. బండి యాదగిరి కట్టిన పాట. తెలంగాణ సాయుధ పోరాటం నాటిది. తరవాత గద్దర్ 'మా భూమి' సినిమాలో పాడితే రాష్ట్రమంతా మార్మోగింది. పొలంలో ఒకామె ఎత్తుకునేది, వరసలో ఉన్న మిగతా అందరూ అందుకునేవారు. ఎత్తుకున్నామె గొంతు పొలం ఆ చివరకు వినపడకపోయేది, వంత మాత్రం పక్క ఊరి దాకా వినపడేది. హార్లన్ పాటకూ మన పాటకూ మధ్య తేడా పదిహేనేళ్లు, అటూ ఇటూగా. ఒకటి కెంటకీ కొండల్లో, ఒకటి నల్లగొండ చెలకల్లో పుట్టాయి. ఆ రోజు కారులో ఆ పెద్దమనిషికి ఈ సంగతి చెప్పాను. ఆయన బండి పక్కకు ఆపి, మళ్లీ చెప్పమన్నాడు.

ఇక నీ పని దగ్గరికి వద్దాం.

నాలుగో పాట 'రాకీ రోడ్ టు డబ్లిన్'. దాన్ని ముందు ఫిడేలు ముట్టకుండా నేర్చుకో. అది స్లిప్ జిగ్ అనే నడక. మన లెక్కలో తకిట, తకిట, తకిట, మొత్తం తొమ్మిది. సంకీర్ణం కూడా తొమ్మిదే కదా అని నాలుగూ అయిదుగా విడగొట్టకు. మూడు మూళ్ల నడక అది, ఒక్కొక్క మూడులో మొదటిదాని మీద కొంచెం ఒత్తు. మామూలు జిగ్ అయితే తకిట తకిట, ఆరు. రీల్ అయితే తకధిమి. తొడ మీద తాళం వేస్తూ నోటితో జతులు చెబుతూ పది నిమిషాలు నెమ్మదిగా నడిపించు. తరవాతే వేగం. డ్రమ్ముల జోరులో ఆ మూడు మూళ్లు కొట్టుకుపోతే మిగిలేది ఉత్త చప్పుడే. పంక్ వాళ్లు పాత మెట్టును పాడుచేస్తారని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. నడక చెడకుండా వేగం పెంచడం మన త్రికాలం లాంటి సాధనే. నడక తెలియకుండా పెంచినవాళ్లే పాడుచేసేది.

శ్రుతి సంగతి. నీ ఫిడేలు స, ప, స, ప. ఐరిష్ వాళ్లది జి, డి, ఎ, ఇ. అంటే ఏ రెండు పక్క తీగలు తీసుకున్నా స నుంచి ప దాకా ఉన్నంత దూరం. నీకు నడిమి రెండు తీగల మధ్య ప నుంచి పై స దాకా ఉండేది, అక్కడే వేళ్లు తడబడతాయి. మాండలిన్‌కు కూడా ఇదే శ్రుతి. ఈ ఆల్బమ్‌లో మాండలిన్, టిన్ విజిల్ రెండూ వాయించింది ర్యాన్ ఫోల్ట్స్. ఆ మాండలిన్ వెంట వాయించి చూడు, వేళ్లు వాటంతటవే దారి పట్టుకుంటాయి. ఉన్న తీగలనే బిగించి శ్రుతి పెంచకు, తెగి మొహం మీద కొడతాయి. వేరే సెట్టు కొనుక్కో. కూర్చుని చీలమండ మీద ఆనించి వాయించడం కూడా ఇక్కడ కుదరదు. నిలబడి గడ్డం కింద పట్టుకోవాలి. దానివల్ల ఎడమచేతికి జారు వేసే స్వేచ్ఛ తగ్గుతుంది, తగ్గినా నష్టం లేదు. వీళ్ల అలంకారం జారులో లేదు, వేలితో టక్కున తట్టడంలో ఉంది. స్వరం, పై స్వరం, మళ్లీ స్వరం, కింది స్వరం, మళ్లీ స్వరం: ఈ అయిదూ ఒక్క విల్లులో రెప్పపాటులో పోవాలి. దీన్ని రోల్ అంటారు. మన కంపితం ఇక్కడ వేస్తే అన్నంలో రాయిలా తగులుతుంది.

పరాయి సంగీతమని బెదరకు. ఏడో ఏట నువ్వు నాకు వాయించి వినిపించిన 'వందే మీనాక్షి' గుర్తుందా? ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరం. దాని మూలం 'లిమరిక్' అనే ఐరిష్ మెట్టు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే ఫిడేలును మన కచేరీలోకి తెచ్చినవాడు. అంటే ఐర్లండు మెట్టు ఒకటి నీ చేతుల్లో చిన్నప్పటినుంచీ ఉంది.

మొదటి పాట 'ఫర్ బాస్టన్'లో బ్యాగ్‌పైపులు విను. అది బాస్టన్ కాలేజీ పాట, 1885లో టి. జె. హర్లీ రాశాడు. పైపులు వాయించినవాడి ముద్దుపేరే 'స్పైసీ మెక్‌హాగిస్', ఆ పేరు మీద చివర్లో ఒక పాట కూడా ఉంది. పైపుకు తొమ్మిదే స్వరాలు, స్వరస్థానాలు దాదాపు మన హరికాంభోజివి. వెనక మూడు గొట్టాలు మన తంబురాలా ఒకే శ్రుతి పట్టుకుని మోగుతుంటాయి. గాలి ఆగదు కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య నిశ్శబ్దం ఉండదు, చప్పుడు పెంచడం తగ్గించడం ఉండదు. అదే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఇంకో స్వరాన్ని చిటుక్కున తాకాల్సిందే. వీళ్ల అలంకారమంతా ఆ ఇరుకులోంచి పుట్టిందే. పైపులు మోగుతున్నప్పుడు నువ్వు వాటి మీద పోటీకి పోకు. కింది తీగ మీద శ్రుతి పట్టుకో, చాలు.

మీ నాయినకు ఒక భయం ఉంది, నాతో అన్నాడు. తాగుబోతు పాటలంటగా అని. ఆయనకు ఈ సంగతి చెప్పు. బ్యాండు పేరు ఎవరిదో కాదు, డ్రాప్‌కిక్ మర్ఫీ అనే పాతకాలపు కుస్తీ వస్తాదుది. ఆయన ఇక్కడికి దగ్గర్లోని ఆక్టన్‌లో తాగుడు మాన్పించే ఆశ్రమం నడిపాడు. పదిహేనో పాట 'ద వైల్డ్ రోవర్' కూడా జీవితమంతా తాగుడుకు తగలేసి, ఇక ఆ జోలికి పోనని ఒట్టు పెట్టుకునేవాడి పాట.

ఆ పాట గురించే చివరగా. కారులో నాకు ఈ ఆల్బమ్ వినిపించిన పెద్దమనిషి నాలుగేళ్ల కింద పోయాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన అక్క, ఎనభై ఏళ్ల మనిషి, చేతికర్ర పక్కన పెట్టి, వణికే గొంతుతో 'వైల్డ్ రోవర్' ఎత్తుకుంది. పల్లవి రాగానే హాలంతా అందుకుంది. ఆ పల్లవిలో ఒకచోట మాట ఆగుతుంది. అక్కడ అందరూ నాలుగు దెబ్బలు వేస్తారు, చప్పట్లు గానీ, బల్ల మీద గానీ. నేనూ వేశాను. బల్ల మీది గ్లాసులు ఎగిరిపడ్డాయి. ఆ నాలుగు దెబ్బల్లో పాట లేదు, వాద్యం లేదు, ఆయన కోసం వచ్చినవాళ్ల చేతులు మాత్రమే ఉన్నాయి. ఆమె ఆ నాలుగు దెబ్బల సేపూ కళ్లు మూసుకుని ఊపిరి తీసుకుంది, తరవాత మళ్లీ ఎత్తుకుంది.

వచ్చే ఆదివారం ఫిడేలు తీసుకుని రా. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. నువ్వు 'వైల్డ్ రోవర్' వాయించు, మేమిద్దరం చప్పట్లు వేస్తాం. మా నాలుగు చప్పట్లు పడేటప్పుడు నీ విల్లు గాలిలో ఆగి ఉండాలి. ముందు అది నేర్చుకో.

ఇట్లు,
నీ పెద్దనాయన

తా.క.: ఇ తీగలు రెండు కొనుక్కో. మొదటిది తెగుతుంది.