ఎన్ని వేలు తిరుగుద్ది, బాబాయ్?

నరసరావుపేటలో టైర్ల కొట్టు పెట్టుకుని బతికినవాణ్ని. ఇప్పుడు కొట్టు మా అబ్బాయిది. నేను సాయంత్రాలు వచ్చి కుర్చీలో కూర్చుని, అడిగినా అడక్కపోయినా సలహాలు చెబుతుంటాను. కొత్త టైరు వేయించుకున్న కుర్రాడు డబ్బులిస్తూ తప్పకుండా అడిగేది పైన శీర్షికలో ఉన్న ప్రశ్నే. నా జవాబు కాస్త పొడుగు. అందుకే అంకెలు వేసి రాస్తున్నాను.

1. కిలోమీటర్ల లెక్క అంచనాకి పనికొస్తుందంతే.

నూరు, నూట పాతిక సీసీ బండికి వెనక టైరు సుమారు 20 నుంచి 25 వేల కిలోమీటర్లు వస్తుంది. ముందుది 30 వేలు, ఒక్కోసారి ఆ పైన కూడా. మెత్తటి రబ్బరు వాడే స్పోర్ట్స్ బళ్లకు వెనకది 10, 12 వేలకే అయిపోవడం మామూలే. ఇంజను బలమంతా రోడ్డు మీద పెట్టేది వెనక చక్రం, ఎక్కినవాళ్ల బరువులో ఎక్కువ వంతు మోసేదీ అదే. అందుకే అది ముందు పోతుంది. ఇంతవరకూ లెక్క బాగానే ఉంది. కానీ ఒకే రకం బళ్లు కొన్న అన్నదమ్ములు మా కొట్టుకు వచ్చేవాళ్లు. అన్న రోజూ తారు రోడ్డు మీద గుంటూరు ఉద్యోగానికి వెళ్లొచ్చేవాడు. తమ్ముడు రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని పల్లెల మధ్య కంకర దారుల్లో తిరిగేవాడు. తమ్ముడికి వెనక టైరు రెండోసారి మార్చేనాటికి కూడా అన్నకు బండితో వచ్చిన టైరే నడుస్తోంది. ఇద్దరికీ ఒకే అంకె ఎలా చెప్పను?

2. మీటరు చూడకండి, టైరు చూడండి.

టైరు పక్క గోడ మీద, బటన్లు మొదలయ్యే అంచు దగ్గర చిన్న త్రిభుజం గానీ, టీడబ్ల్యూఐ అనే అక్షరాలు గానీ ఉంటాయి. అక్కణ్నించి తిన్నగా పైకి వెళ్లి బటన్ల మధ్య గాడిలో చూస్తే, అడ్డంగా చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. రెండు చక్రాల బళ్లలో ఆ గట్టు ఎత్తు 0.8 మిల్లీమీటర్లు. బటన్లు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మోటారు వాహనాల నిబంధనలు కూడా అక్కడే గీత గీశాయి. అది ఆఖరి హద్దు, అక్కడిదాకా లాగమని చెప్పడం కాదు. గాడిలో 2 మిల్లీమీటర్లు మిగిలి ఉండగానే మార్చమని నేను చెబుతాను. అమ్ముకోవడానికి చెబుతున్నాడని మీరు అనుకుంటారు, అనుకోండి. గాడి లోతు మధ్యలో ఒకచోట చూసి వదిలెయ్యకండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి.

3. తిరగని టైరు కూడా ముసలిదవుతుంది.

పక్క గోడ మీదే కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఈ అంకెలే, బేరం తర్వాత. రెండు మూడేళ్లుగా అటక మీద పడున్న సరుకును తగ్గింపు ధర అని అంటగట్టే కొట్లు లేకపోలేదు.

మా వైపు ఇంకో రకం కేసు ఎక్కువ. కొడుకు అమెరికా వెళ్తాడు. అతని బండి కవరు కప్పుకుని వరండాలో ఏళ్ల తరబడి ఉంటుంది. సంక్రాంతికి వస్తున్నాడంటే తండ్రి దాన్ని తుడిచి, బ్యాటరీ వేయించి, గాలి కొట్టించడానికి తోసుకొస్తాడు. "టైర్లు కొత్తవే అండీ, మూడు వేలు కూడా తిరగలేదు" అంటాడు. బటన్లు నిజంగానే కొత్తగా ఉంటాయి. గోరు పెట్టి నొక్కితే మాత్రం చెక్కలా ఉంటుంది. గాడి అడుగున, పక్క గోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ఎండ, గాలిలోని ఓజోను, వేడి కలిసి రబ్బరులోని మెత్తదనాన్ని లాగేస్తాయి. గట్టిపడ్డ రబ్బరు రోడ్డును పట్టుకోదు, బ్రేకు వేస్తే జారుతుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా ఒకసారి తెలిసినవాడికి చూపించాలి. పదేళ్లు నిండితే చూడక్కర్లేదు, తీసెయ్యడమే.

4. టైరును తినేది రోడ్డు కన్నా గాలి.

గాలి తగ్గితే టైరు పక్కలు ఒరిగి ఒరిగి వేడెక్కుతాయి, అంచులు అరుగుతాయి, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. గాలి ఎక్కువైతే టైరు మధ్య భాగం మీదే నిలబడి అక్కడే అరుగుతుంది, రోడ్డు మీద పట్టూ తగ్గుతుంది. చాలా మామూలు బళ్లకు ముందు 25, వెనక ఒక్కరే ఉంటే 28, ఇద్దరైతే 32 దగ్గర ఉంటుంది. మీ బండికి ఎంతో చైను కవరు మీద స్టిక్కరో, బండితో ఇచ్చిన పుస్తకమో చెబుతుంది. దాన్ని నమ్మండి, నన్ను కాదు.

మనవాళ్లకు గేజీ మీద నమ్మకం లేదు. కాలితో టైరును ఒక తన్ను తన్ని "గట్టిగానే ఉందిలే" అంటారు. లేదా "ఎండాకాలం బాబాయ్, కొంచెం తక్కువ కొట్టు" అంటారు. పల్నాడు ఎండకు భయపడే ఆ మాట అంటారని తెలుసు, మా పల్నాడులోనే ఉన్న రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా ఎరుగు. కానీ తక్కువ గాలి ఉన్న టైరే ఎండలో ఎక్కువ కాగుతుంది. పొద్దున్నే, బండి కదలక ముందు గాలి చూసుకోవాలి. మధ్యాహ్నం నలభై కిలోమీటర్లు వచ్చి చూస్తే గేజీలో రెండు మూడు పాయింట్లు ఎక్కువ కనిపిస్తాయి. అది వేడి వల్ల వచ్చింది, తియ్యకండి. ట్యూబు టైరుకు పదిహేను రోజులకోసారి, ట్యూబ్‌లెస్‌కు నెలకోసారి చాలు. నైట్రోజను కొట్టించుకుంటే మంచిదా అని అడుగుతారు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను ఉంది. మిగతాదానికి డబ్బు ఇవ్వాలా వద్దా మీ ఇష్టం.

5. బరువుకూ ఒక అంకె ఉంది.

సైజు పక్కన 48పి లాంటిది రాసి ఉంటుంది. 48 అంటే ఆ టైరు 180 కిలోలు మోయగలదని, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకూ పనికొస్తుందని. వేగం గొడవ మన బళ్లకు లేదు. ఇద్దరు మనుషులు, మధ్యలో బియ్యం బస్తా, పెట్రోలు ట్యాంకు మీద పిల్లాడు, ఇదీ మన గొడవ.

6. ఎక్కడ అరిగిందో చూస్తే రోగం తెలుస్తుంది.

మధ్యలో మాత్రం చదునుగా అరిగితే తిన్నటి రోడ్డు మీద ఎక్కువ తిరిగిన బండి, లేదా గాలి ఎక్కువైన బండి. దాంతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కితే తేడా తెలుస్తుంది. మలుపులో బండి నెమ్మదిగా వాలదు, చదును అంచు దాటగానే ఒక్కసారిగా పడుతున్నట్టు ఉంటుంది. ఒక పక్కే అరిగితే చైను బిగించినప్పుడు చక్రం వంకరగా కూర్చుందన్నమాట. రెండు పక్కలా గుర్తులు సమానంగా ఉన్నాయో లేదో చూడమని మెకానిక్కును అడగండి. ముందు టైరు అలలు అలలుగా అరిగితే ఫోర్కులో ఆయిలో, చక్రం బేరింగో చూపించుకోవాలి. ఇవి సరిచెయ్యకుండా కొత్త టైరు వేస్తే అదీ అదే దారిన పోతుంది.

7. గుండు టైరుకు గాట్లు పెట్టించకండి.

కాల్చిన ఇనుముతో కొత్తగా గాళ్లు తీసేవాళ్లు రోడ్డు పక్కన ఇప్పటికీ ఉన్నారు. మిగిలిన పలచటి రబ్బరును కూడా కోసేసి లోపలి నైలాన్ దారాలకు దారి చూపించడమే ఆ పని.

8. మార్చేదేదో రోహిణి కార్తెలోనే మార్చండి.

అసలు చెప్పాలనుకున్నది ఇదే. పొడి రోడ్డు మీద గుండు టైరు బాగానే పట్టుకుంటుంది. జనం మోసపోయేదీ అక్కడే. మే నెలంతా ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన టైరు కాబట్టి ఇంకో ఆర్నెల్లు వస్తుందనుకుంటారు. గాళ్లు ఉన్నది నీళ్లను పక్కకు తోసెయ్యడానికి. మృగశిర చినుకులు పడగానే రోడ్డు మీద ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము, ఆయిలు తడిసి జిగటగా మారతాయి. గట్టిగా వాన కురిసి కడిగేదాకా ఆ జిగట పోదు. మా కొట్లో బండి పడి వంగిన హ్యాండిళ్లతో వచ్చేవాళ్లు ఎక్కువ కనిపించేది ఆ మొదటి వానల వారంలోనే. పంట కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు ఇంకో ప్రమాదం, వాటి మీద మాత్రం ఏ టైరూ నిలవదు.

9. మార్చేటప్పుడు.

బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉండాలి. ట్యూబు టైరైతే కొత్త ట్యూబు కూడా వేయించండి, సాగిపోయిన పాత ట్యూబు లోపల మడతపడి అక్కడే చిరుగుతుంది. కంపెనీ ఇచ్చిన సైజే వేయండి. వెడల్పు టైరు చూడ్డానికి బాగుంటుందని వేయించుకునే కుర్రాళ్లు ఉన్నారు. ఇరుకు రిమ్ము మీద అది గుండ్రంగా ముడుచుకుని, రోడ్డుకు తగిలే భాగమే తగ్గిపోతుంది. మొదటి 150 కిలోమీటర్లు వంపుల్లో నెమ్మదిగా వెళ్లండి, కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది. రెండూ అరిగి, ఒక్కదానికే డబ్బుంటే ఏది మార్చాలంటారా? రెండూ మార్చే డబ్బు వచ్చేదాకా బండి ఇంట్లో పెట్టమంటాను. కాదూ కూడదంటే ముందుది. వెనకది జారితే ఒక్కోసారి నిలదొక్కుకోవచ్చు, ముందుది జారితే ఆ అవకాశం ఉండదు.

10. పంక్చరుకూ హద్దుంది.

బటన్ల భాగంలో మేకు దిగితే అతుకు వెయ్యొచ్చు. పక్క గోడ తెగినా, ఎక్కడైనా బుడిపె లేచినా టైరు పోయినట్టే లెక్క. బుడిపె అంటే లోపల దారాలు తెగాయని. ఆ బండి మీద ఇంటికి కూడా వెళ్లొద్దు.

తీసేసిన టైరును మేం అంచు తీగ దాకా అడ్డంగా కోసి పడేస్తాం. కొయ్యకపోతే వారంలో గాట్లు పెట్టించుకుని ఇంకో బండికి ఎక్కుతుంది. భోగికి పిల్లలు అడిగినా ఇవ్వను. "ఒక్కటి ఇవ్వు తాతా" అని బతిమాలతారు, ఆ నల్ల పొగ వాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పిడకలు కొనుక్కోమని డబ్బులిస్తాను.