భద్రత చదివితే ఖాకీ వస్తుందా?

ప్రశ్నలు - జవాబులు

ఈసారి కోట, వాకాడు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు దాదాపు ఒకే సంగతి అడిగాయి. రాకెట్ కేంద్రం షార్ గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాన్లనూ, రాకెట్ ఎగిరే రోజు వేటకు పోవద్దని చెప్పే మెరైన్ పోలీసులనూ చూస్తూ పెరిగిన పిల్లలకు యూనిఫామ్ వేసుకోవాలన్న కోరిక పుట్టడంలో వింత లేదు.

ప్రశ్న: మా వాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఇంజినీరింగ్ వద్దంట. గుజరాత్‌లో రక్షా యూనివర్సిటీ ఉందనీ, అక్కడ దేశ భద్రత మీద డిగ్రీ చేస్తే సీఐఎస్ఎఫ్‌లోనో ఇంటెలిజెన్స్‌లోనో ఆఫీసర్ అయిపోతాననీ పట్టుబట్టి కూర్చున్నాడు. పంపేదా, మానేదా?
- ఒక తండ్రి, కోట

జవాబు: ముందు వాడిని గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. కేంద్ర సాయుధ బలగాల్లో అసిస్టెంట్ కమాండెంట్ కావాలంటే మగపిల్లలకు 165 సెంటీమీటర్ల ఎత్తుండాలి. ఛాతీ 81 ఉండి, ఊపిరి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. అవే బలగాల్లో ఎస్సై పోస్టుకైతే ఎత్తు 170. కొన్ని వర్గాలకు సడలింపులున్నాయి. ఈ కొలతల దగ్గర తేడా వస్తే ఏ యూనివర్సిటీ పట్టా అయినా అక్కరకు రాదు. చాలామంది తల్లిదండ్రులు ఫీజులు కట్టాక కొలతలు చూస్తారు.

మీ వాడు చెప్పిన యూనివర్సిటీ నిజమైనదే, బోగస్ కాదు. గుజరాత్ ప్రభుత్వం పెట్టిన రక్షా శక్తి యూనివర్సిటీ 2020లో పార్లమెంటు చట్టంతో రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీగా మారింది. కేంద్ర హోంశాఖ కింద నడుస్తుంది, జాతీయ ప్రాధాన్యం ఉన్న సంస్థ. అసలు క్యాంపస్ గాంధీనగర్ దగ్గర లవాడ్‌లో ఉంది. మనకు దగ్గరలో పుదుచ్చేరిలోనూ ఒక క్యాంపస్ పెట్టారు. ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో ఉందో ఈ ఏటి ప్రకటన చూసే నమ్మండి.

చిక్కంతా ఆ తర్వాతి మాటలో ఉంది. అక్కడ చదివితే ఆఫీసర్ అవుతాననేది వాడి లెక్క. యూపీఎస్సీ పెట్టే అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు. ఇంటెలిజెన్స్ బ్యూరో ఏసీఐవో పోస్టుకూ అంతే, మన రాష్ట్ర పోలీసు ఎస్సైకీ అంతే. అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షలో మొదటి పేపరు జనరల్ ఎబిలిటీ 250 మార్కులకు, రెండోది వ్యాసం, కాంప్రహెన్షన్ 200 మార్కులకు ఉంటాయి. అందులో అంతర్గత భద్రత ప్రశ్నలు రావని కాదు. అయితే వాటి కోసం మూడేళ్ల డిగ్రీ అక్కర్లేదు. రోజూ దినపత్రిక శ్రద్ధగా చదివే కుర్రాడు వాటిని రాసేస్తాడు. ఆ తర్వాత మైదానంలో 100 మీటర్లు 16 సెకన్లలో, 800 మీటర్లు 3 నిమిషాల 45 సెకన్లలో పరుగెత్తాలి. కోట నుంచి వాకాడు రోడ్డు మీద తెల్లారుజామున ఆ సాధన మొదలుపెట్టడానికి ఎవరి అడ్మిషనూ అవసరం లేదు.

ఈ పరీక్షకు వయసు 20 నుంచి 25 మధ్య ఉండాలి. అంటే డిగ్రీ అయ్యాక చేతిలో ఉండేవి నాలుగైదు అవకాశాలే. అవన్నీ తప్పిపోతే ఏమిటన్నదే మీరు అడగాల్సిన అసలు ప్రశ్న. సెక్యూరిటీ మేనేజ్‌మెంట్ డిగ్రీతో ప్రైవేటు రంగంలో దారి లేకపోలేదు. మన పక్కనే కృష్ణపట్నం పోర్టు ఉంది. అమెరికాలో 2001 దాడుల తర్వాత వచ్చిన అంతర్జాతీయ నిబంధనావళి 2004 జూలై నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం విదేశీ ఓడలు వచ్చే ప్రతి రేవుకూ ఒక భద్రతాధికారి ఉండి తీరాలి. ఆ కుర్చీ చాలావరకు నౌకాదళంలోనో సీఐఎస్ఎఫ్‌లోనో పనిచేసి దిగినవాళ్లకే దక్కుతుంది. ఇరవై ఒకటో ఏట పట్టా పట్టుకుని వెళ్లిన పిల్లాడిని మొదట షిఫ్టు సూపర్‌వైజర్‌గా తీసుకుంటే అదృష్టం.

నాకు ఇంకో అభ్యంతరం కూడా ఉంది. భద్రత అనేది ఒక సబ్జెక్టు కాదు, చాలా సబ్జెక్టుల కూడలి. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసిన పదిమంది పోరుబందర్ మరపడవ 'కుబేర్'ను పట్టుకుని వచ్చారు. ఆ తర్వాత మన తీరంలో ఏం మారిందో చూడండి. మత్స్యకారులకు గుర్తింపు కార్డులు ఇచ్చారు, పడవలకు రిజిస్ట్రేషన్ పెట్టి రాష్ట్రానికో రంగు వేయించారు, మెరైన్ పోలీసు స్టేషన్లు పెంచారు, పెద్ద పడవలు ఎక్కడున్నాయో చెప్పే యంత్రాలు పెట్టించారు. ఈ పనులకు ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు కావాలి, చట్టం తెలిసినవాడు కావాలి, వేటకు పోయే పట్టపువాళ్లు ఏ వేళకు ఏ పడవలో పోతారో తెలిసినవాడు అందరికంటే ముందు కావాలి. అమెరికాలోనూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2003లో పని మొదలుపెట్టినప్పుడు, కాలిఫోర్నియాలోని నేవల్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్కూల్ ఈ చదువును అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న అధికారులకు పీజీగా చెప్పింది. ముందు ఒక పని చేతికొచ్చాక భద్రత చదవడమే సరైన వరస అని నా అభిప్రాయం.

కాబట్టి కంప్యూటర్స్ గానీ, లెక్కలు, స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ గానీ చేయించండి. నీళ్లంటే ఇష్టముంటే ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ సంగతి కనుక్కోండి. అయితే అక్కడికి బైపీసీ అడుగుతారు, వాడిది ఎంపీసీ. ఆ ఎంపీసీని మాత్రం చిన్నచూపు చూడొద్దు. కోస్ట్‌గార్డ్‌లో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కమాండెంట్ కావాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాల్సిందే. యూనిఫామ్ రాకపోయినా పర్లేదు, ఈ విషయమే నాకిష్టం అని మీ వాడు నిదానంగా చెప్పగలిగితే అప్పుడు పంపండి, అడ్డుపడొద్దు.

ప్రశ్న: విద్యానగర్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నేర పరిశోధన, భద్రత వైపు వెళ్లాలని ఉంది. ఇది మానేసి వేరే డిగ్రీలో చేరాలా? ఇంట్లో వాళ్లు ఆడపిల్లకు ఎందుకంటున్నారు.
- ఒక విద్యార్థిని, విద్యానగర్

జవాబు: మానేస్తే నష్టపోతావమ్మా. నీ చేతిలో ఉన్నదే దీనికి పనికొచ్చే చదువు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేసుకోవడానికి ఐదేళ్ల గడువిచ్చారు. అంటే ల్యాబుల్లో మనుషులు కావాలి, అందులో కెమిస్ట్రీ వాళ్లు తప్పనిసరి. బీఎస్సీ పూర్తిచేసి ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీకి ప్రయత్నించు. ఉస్మానియాలో ఉంది, గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఉంది. యూనిఫామే కావాలనుకుంటే అసిస్టెంట్ కమాండెంట్‌కు ఆడపిల్లలకు ఎత్తు 157, పరుగు 800 మీటర్లు 4 నిమిషాల 45 సెకన్లు. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరు. ఇంట్లోవాళ్లకు ఈ జవాబు చదివి వినిపించు.

ప్రశ్న: అమెరికాలో హోంల్యాండ్ సెక్యూరిటీ బ్యాచిలర్స్ చేస్తే అక్కడి ప్రభుత్వ శాఖలోనే ఉద్యోగం అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు మా అబ్బాయికి చెప్పారు. పొలం అమ్మి పంపమంటారా?
- ఒక తల్లి, కోట మండలం

జవాబు: అమ్మవద్దమ్మా. అక్కడి ఫెడరల్ ఉద్యోగాలు దాదాపుగా అమెరికా పౌరులకే ఇస్తారు. రహస్య సమాచారం ముట్టుకునే పనులకైతే పౌరసత్వం లేకుండా గడప కూడా దాటనివ్వరు. స్టూడెంట్ వీసా మీద వెళ్లిన మన పిల్లాడికి చదువయ్యాక ఒక సంవత్సరం పని అనుమతి వస్తుంది. స్టెమ్ జాబితాలో ఉన్న కోర్సు అయితే ఇంకో రెండేళ్లు పెరుగుతుంది. చూపించిన కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో కోర్సు కోడ్ అడిగి సరిచూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు కోడ్ చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో జరిగింది గుర్తుండే ఉంటుంది. క్లాసుల్లేని ఆ యూనివర్సిటీని నడిపింది స్వయంగా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఏజెంట్లే. మొదటి విడతలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు ఎక్కువ. చేర్పించే దళారుల మాట విని డబ్బు కట్టి చేరినవాళ్లే చాలామంది.

ప్రశ్న: మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. పదో తరగతి పాసయ్యాను. నాన్నతో వేటకు పోతాను. కోస్ట్‌గార్డ్‌లో చేరాలంటే ఏ కోర్సు చేయాలి?
- ఒక యువకుడు

జవాబు: ఏ కోర్సూ వద్దు. నావిక్ డొమెస్టిక్ బ్రాంచికి పదో తరగతి చాలు. నావిక్ జనరల్ డ్యూటీ కావాలంటే లెక్కలు, ఫిజిక్స్‌తో ఇంటర్ చెయ్యాలి. వయసు 18 నుంచి 22, అర్హులకు సడలింపు ఉంది. రాతపరీక్ష అయ్యాక 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తాలి, 20 బస్కీలు, 10 దండీలు తియ్యాలి. ఇసకలో వల లాగే కాళ్లకు ఆ పరుగు పెద్ద కష్టం కాదు. లెక్కల దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు, రోజుకో గంట వాటికి కేటాయించు. కోస్ట్‌గార్డ్ రక్షణ శాఖ కిందది, మెరైన్ పోలీసు రాష్ట్రానిది. రెండిటికీ నోటిఫికేషన్లు వేరువేరుగా వస్తాయి, రెండూ గమనించు. దరఖాస్తు కోస్ట్‌గార్డ్ సొంత వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా డబ్బడిగితే రూపాయి కూడా ఇవ్వొద్దు.